‘బాగుంది’ అంటే సరిపోతుందా? – ఒక నింజా సినిమా, పలు అభిప్రాయాలు



ఒకే సినిమా చూసిన నలుగురు నాలుగు రకాలుగా మాట్లాడటం మీరు వినే ఉంటారు. ఒకరికి కన్నీళ్లు వచ్చిన చోట ఇంకొకరికి ఆవలింత వస్తుంది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? అందరి మాటా సమానమేనా? మన అభిప్రాయాన్ని ఎలా చెబితే ఎదుటివాళ్లు చెవి పెట్టి వింటారు? మీలో చాలామందికి తెలిసిన నరుటో సినిమాల్లో ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ మూడు ప్రశ్నలకూ జవాబులు వెతుకుదాం.

ముందు సినిమా గురించి

నరుటో మొదట బొమ్మల కథ. జపాన్‌కు చెందిన మసాషి కిషిమోతో దీన్ని 1999 నుంచి 2014 వరకు ఒక వారపత్రికలో ధారావాహికగా వేశారు. మొత్తం 700 అధ్యాయాలు, 72 సంపుటాలు. 2002లో టీవీ సీరియల్ మొదలైంది. 2004 నుంచి సినిమాలు కూడా రావడం మొదలైంది. నరుటో కొడుకు బొరుటో పేరుతో 2015లో వచ్చినదాన్ని కూడా కలిపితే మొత్తం 11 సినిమాలు. మన దేశంలో సోనీ యే ఛానెల్ 2022లో నరుటోను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి తెచ్చింది. అంతకుముందే హట్టోరి పుణ్యమా అని ‘నింజా’ అనే మాట మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మనం తీసుకుంటున్న సినిమా పేరు ‘రోడ్ టు నింజా’. వరుసలో ఇది తొమ్మిదవది. 2012 జూలైలో జపాన్‌లో విడుదలైంది. దర్శకుడు హయాతో దాతె. కథను కిషిమోతో స్వయంగా సమకూర్చారు.

నరుటోకు అమ్మానాన్నలు లేరు. అతను పుట్టిన రోజునే ఊరిని కాపాడుతూ ఇద్దరూ చనిపోయారు. అతని స్నేహితురాలు సకురాకు అమ్మానాన్నలు ఉన్నారు. కానీ వాళ్ల మందలింపులు ఆమెకు విసుగు. ముసుగు వేసుకున్న శత్రువు ఒకడు తన మాయతో వీళ్లిద్దరినీ మరో లోకంలో పడేస్తాడు. అక్కడ ఊరు అదే, వీధులు అవే, మనుషుల ముఖాలు అవే. స్వభావాలు మాత్రం తలకిందులు. బిడియపడే హినాతా అక్కడ కోపిష్టి. పురుగులతో సావాసం చేసే షినోకు అక్కడ పురుగులంటే అసహ్యం. కుక్కను విడిచి ఉండని కిబా అక్కడ పిల్లుల ప్రేమికుడు. అన్నిటికన్నా పెద్ద మార్పు ఏమిటంటే, ఆ లోకంలో నరుటో అమ్మానాన్నలు బతికే ఉన్నారు, సకురా అమ్మానాన్నలు లేరు.

మద్దేడ్‌లో విన్న మాటలు

మద్దేడ్ ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లాలో, బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్లే దారిలో ఉంది. అటు తెలంగాణ, ఇటు మహారాష్ట్ర దగ్గరే. అందుకే అక్కడ ఒకే వీధిలో తెలుగు, దోర్లీ, గోండీ, హల్బీ, హిందీ వినిపిస్తాయి. ఉద్యోగరీత్యా ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలూ కలుస్తాయి. అలాంటి ఇళ్ల పిల్లలతో ఈ సినిమా గురించి మాట్లాడినప్పుడు విన్న మాటల సారాంశం ఇది.

ఒకరికి అమ్మ చేతి అన్నం కోసం నరుటో ఇంటికి వచ్చే భాగమే సినిమా మొత్తానికి ప్రాణం. ఇంకొకరికి ఆ భాగమే సాగదీసినట్టు అనిపించింది, యుద్ధం ఎప్పుడొస్తుందా అని చూశారట. స్నేహితుల స్వభావాలు మారిన సన్నివేశాలకు ఒకరు పగలబడి నవ్వితే, పక్కనున్న తమ్ముడు ‘ఇందులో నవ్వేదేముంది?’ అని అడిగాడు. ముగింపు దగ్గర చర్చ బాగా వేడెక్కింది. నరుటో చివరికి తన లోకానికే తిరిగి వస్తాడు. ‘అమ్మానాన్నలు దొరికాక ఎందుకు రావాలి?’ అన్నది ఒక పక్షం. ‘వాళ్లు అతని అమ్మానాన్నలు కారు, ఆ ఇల్లు ఇంకొక అబ్బాయిది’ అన్నది రెండో పక్షం.

రెండో పక్షంలో ఉన్న ఒక అమ్మాయి చెప్పిన కారణం నాకు గుర్తుండిపోయింది. కొత్త క్వార్టర్స్‌లోకి వెళ్లినప్పుడు తలుపు పక్క గోడ మీద, అంతకుముందు ఉన్నవాళ్ల పిల్లల ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలు కనిపించాయట. ‘ఆ గీతల దగ్గర నేను నిలబడి కొలుచుకోవచ్చు, కానీ అవి నావి కావు కదా’ అంది. నిజంగానే ఆ లోకంలో నరుటోను అందరూ ‘మెన్మా’ అని పిలుస్తారు. అది అక్కడి కొడుకు పేరు.

అభిప్రాయాలు ఎందుకు మారతాయి?

మొదటి కారణం, ముందే తెలిసిన సంగతులు. వరుస సినిమాల్లో ఇది చాలా ముఖ్యం. హినాతా మామూలుగా ఎంత బిడియస్తురాలో తెలిస్తేనే ఆమె కోపం చూసి నవ్వొస్తుంది. తెలియనివాళ్లకు ఆమె ఎవరో కోపిష్టి అమ్మాయి, అంతే. పై మాటల్లో తమ్ముడికి నవ్వు రాకపోవడంలో అతని తప్పేమీ లేదు.

రెండవది, మన బతుకులో ఉన్న సంగతులు. పేర్లనే చూడండి. నరుటో అంటే రామెన్ అనే నూడుల్స్ గిన్నెలో వేసే ఒక రకం చేప ముక్క. మెన్మా అంటే అదే గిన్నెలో వేసే, పులియబెట్టిన వెదురు మొలక. అంటే ఇద్దరు అబ్బాయిలూ ఒకే గిన్నెలోని రెండు రుచులు. బస్తర్‌లో వెదురు మొలకను ‘బాస్తా’ అంటారు, వానాకాలంలో ఇష్టంగా వండుకుంటారు. అది తిన్న పిల్లవాడికి ఈ పేర్ల చమత్కారం చెప్పగానే అందుతుంది. వెదురు అంటే నిచ్చెన, బుట్ట మాత్రమే అనుకునేవాడికి ‘వెదురు తింటారా?’ అనే ఆశ్చర్యమే మిగులుతుంది. అలాగే నాన్న నెలల తరబడి దూరంగా డ్యూటీలో ఉన్న ఇంట్లోని బిడ్డ, నాన్న రోజూ సాయంత్రానికి ఇంటికి వచ్చే బిడ్డ, ఈ సినిమాలోని భోజనాల సన్నివేశాన్ని ఒకేలా చూడరు.

మూడవది, చూసిన తీరు. పెద్ద తెర మీద చూసినదీ, ఫోనులో చూసినదీ ఒకటి కాదు. ఆఖరి పోరాటం చీకట్లో గజిబిజిగా ఉంది అనే ముందు, ఆ గజిబిజి సినిమాదా, అరచేతి తెరదా అని ఆలోచించాలి. అడుగున పడే అక్షరాలు చదువుతూ చూసినవాళ్ల కళ్లు ముఖాల మీద తక్కువసేపు నిలుస్తాయి. డబ్బింగ్ గొంతు నచ్చకపోతే, డబ్బింగ్ నచ్చలేదని చెప్పాలి గానీ ఆ నింద కథ మీద వేయకూడదు.

నాలుగవది, ఏం ఆశించి కూర్చున్నాం అన్నది. ‘సినిమా మొదట్లో ఎక్కడ ఉన్నారో చివరికి అక్కడికే వచ్చారు’ అని ఈ వరుస సినిమాల మీద తరచూ వినిపించే ఫిర్యాదు. దీనికి ఒక కారణం ఉంది. 2012లో అసలు కథ వారం వారం ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో వచ్చిన సినిమా నరుటో జీవితాన్ని శాశ్వతంగా మార్చేస్తే, తరువాతి వారం కథ ఎలా సాగుతుంది? అందుకే వెళ్లినవాళ్లు తిరిగి రావాల్సిందే. అదే, అసలు కథ 2014 నవంబరులో ముగిశాక డిసెంబరులో వచ్చిన ‘ద లాస్ట్’ సినిమాలో నరుటో, హినాతా ఒకటవుతారు. కథ ముగిసింది కాబట్టి ఆ స్వేచ్ఛ దొరికింది. ఈ సంగతి తెలిశాక కూడా మీకు ఫిర్యాదు ఉండొచ్చు. కానీ అప్పుడు ఆ ఫిర్యాదు మరింత పదునుగా ఉంటుంది. ‘తిరిగి రావడం తప్పదు, సరే. తిరిగి వచ్చిన నరుటోలో ఏం మారింది?’ అని అడగగలుగుతారు.

అన్ని అభిప్రాయాలూ సమానమేనా?

ఇష్టాయిష్టాల విషయంలో ఎవరి మాట వారిదే. కానీ అభిప్రాయం వేరు, వాస్తవం వేరు. ‘ఈ సినిమాలో నరుటో అమ్మానాన్నలు చనిపోయి మళ్లీ బతికారు’ అంటే అది అభిప్రాయం కాదు, పొరపాటు. ఆ లోకంలో వాళ్లు అసలు చనిపోలేదు. కథను తప్పుగా పట్టుకుని ఎంత గట్టిగా వాదించినా ఆ వాదన నిలబడదు.

ఇంకొక కొలత కూడా ఉంది. మంచి అభిప్రాయం సినిమాలోని ఏదో ఒక చోటును వేలు పెట్టి చూపిస్తుంది. ‘బోర్’ అన్న మాటకు జవాబు ఉండదు. ‘నరుటోకు అమ్మ దగ్గరవడం నెమ్మదిగా, నమ్మేలా చూపించారు. మెన్మాతో గొడవ మాత్రం చివర్లో హడావుడిగా తేల్చేశారు’ అన్న మాటకు జవాబు ఉంటుంది. ఎదుటివాళ్లు ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు, ఆ సన్నివేశం మళ్లీ చూడొచ్చు. ఇలా నచ్చినదీ నచ్చనిదీ కారణాలతో కలిపి రాస్తే దాన్ని సమీక్ష అంటాం. కథ మొత్తం చెప్పేయడం సమీక్ష కాదు. అది చూడబోయేవాళ్ల సరదా పాడుచేయడం.

తెలుగులో ఎలా చెప్పాలి?

మీలో చాలామందికి బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. సినిమా గురించి మాట్లాడాలంటే తెలుగులో ‘బాగుంది’, ‘బాగోలేదు’ దగ్గరే ఆగిపోతారు. మన భాషలో అంతకన్నా చాలా మాటలున్నాయి. కథ మనల్ని కదలనివ్వకపోతే ‘ఆకట్టుకుంది’ లేదా ‘కథలో పట్టు ఉంది’ అంటాం. అవసరం లేకుండా పొడిగిస్తే ‘సాగదీశారు’. పెద్దగా మొదలై చప్పగా ముగిస్తే ‘తేలిపోయింది’. ఒక సంఘటన కథలో ఇమడకపోతే ‘అతకలేదు’. ఏడుపు రాకపోయినా లోపల బాధ కలిగితే ‘మనసు బరువెక్కింది’. కన్ను తడిస్తే ‘కళ్లు చెమర్చాయి’.

ఇంకొక చిన్న వ్యాకరణ సంగతి. ‘నాకు నచ్చలేదు’, ‘సినిమా బాగోలేదు’ అనేవి ఒకే మాట కాదు. మొదటిది మీ గురించి చెబుతుంది, దాన్ని ఎవరూ కాదనలేరు. రెండవది సినిమా గురించి తీర్పు, దానికి రుజువు కావాలి. కాబట్టి ముందు ‘నాకు’ అని మొదలుపెట్టి, తరువాత ‘ఎందుకంటే’ అని కొనసాగించండి. ఈ రెండు మాటలు ఉంటే మీ అభిప్రాయానికి కాళ్లు వచ్చినట్టే.

కొత్త తరగతిలో మీ మాట

ఇదంతా ఒక సినిమా కోసమే చెప్పలేదు. బదిలీల మీద తిరిగే పిల్లలకు ఒక అలవాటు త్వరగా అబ్బుతుంది. కొత్త తరగతిలో అందరికీ ఏది నచ్చితే తమకూ అదే నచ్చిందంటారు. నిన్నటి ఊళ్లో క్రికెట్, నేటి ఊళ్లో కబడ్డీ. అక్కడ ఒక హీరో, ఇక్కడ ఇంకొక హీరో. స్నేహితులు కావాలి కాబట్టి అలా అంటారు. అది నేను ఎన్నో పోస్టింగుల్లో చూశాను. సర్దుకుపోవడం మంచి గుణమే. కానీ నాలుగైదు బదిలీలు అయ్యేసరికి ‘అసలు నాకు ఏది ఇష్టం?’ అన్న ప్రశ్నకు లోపలి నుంచి జవాబు రాకపోతే అది నష్టం.

సినిమా కబుర్లు ఆ జవాబును కాపాడుకోవడానికి ఒక సులువైన చోటు. అక్కడ ఓడిపోయినా మార్కులు పోవు. ‘మీ అందరికీ యుద్ధం నచ్చింది, నాకు మాత్రం సకురా ఖాళీ ఇంట్లో ఒంటరిగా ఉన్న చోటు నచ్చింది, ఎందుకంటే...’ అని నెమ్మదిగా చెప్పి చూడండి. ఎవరో ఒకరు ‘అవును, నాకూ’ అంటారు. కాదన్నవాళ్లు కూడా మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు. మీలాంటి పిల్లలు ఈ సినిమా గురించి చెప్పగలిగింది ఇంకెవరూ చెప్పలేరు. తెలిసిన ముఖాలు లేని వీధిలో మొదటి రోజు నడవడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. పుట్టి పెరిగిన ఊళ్లోనే ఉన్న తోటి విద్యార్థికి ఆ సంగతి మీరు చెబితేనే తెలుస్తుంది. అలాగే ఊరు మారని విద్యార్థికి తెలిసినవి మీకు తెలియవు. వాళ్ల అభిప్రాయం ఓపికగా వినడం కూడా ఇందులో భాగమే.

నింజా అనే జపాను మాటలో మొదటి అక్షరానికి ఓర్చుకోవడం అనీ, కనబడకుండా ఉండటం అనీ రెండు అర్థాలు చెబుతారు. కొత్త ఊళ్లో మొదటిది మీకు ఎలాగూ అవసరమే. రెండవది మాత్రం నింజాలకే వదిలేయండి.

ఒక చిన్న అభ్యాసం

మీరు ఈమధ్య చూసిన ఏదైనా బొమ్మల సినిమా గురించి పది వాక్యాలు తెలుగులో రాయండి. కథకు మూడు వాక్యాలు మించకూడదు. నచ్చిన ఒక చోటు, నచ్చని ఒక చోటు, రెండింటికీ కారణాలు ఉండాలి. ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారి కూడా వాడకూడదు. రాశాక అదే సినిమా చూసిన స్నేహితుడికి చదివి వినిపించి, అతను ఎక్కడ ఒప్పుకోలేదో ఆఖరి వాక్యంగా చేర్చండి. మీ తెలుగు ఉపాధ్యాయులకు ఇవ్వండి.