పాప్ ఆర్ట్‌లో మత విశ్వాసం: ఆండీ వార్హోల్, కొరిటా కెంట్

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- పాప్ ఆర్ట్‌కూ మత విశ్వాసానికీ గల సంబంధాన్ని ఇద్దరు కళాకారుల చిత్రాల ఆధారంగా వివరించగలుగుతారు.
- ఒక చిత్రం భక్తిని తెలుపుతున్నదా, అపహాస్యం చేస్తున్నదా అన్న ప్రశ్నను ఆధారాలతో పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

సూప్ డబ్బా, సబ్బు పెట్టె, సినిమా తార ముఖం పాప్ ఆర్ట్‌కు ముడిసరుకు. 1950లలో బ్రిటన్‌లో మొదలై 1960లలో అమెరికాలో విస్తరించిన ఈ ఉద్యమాన్ని వ్యాపార సంస్కృతికి అద్దమని చెప్పి ఊరుకోవడం పరిపాటి. కాని ఈ ఉద్యమంలో పేరుపొందిన ఇద్దరు, ఆండీ వార్హోల్, కొరిటా కెంట్, క్యాథలిక్ మతాచారాల మధ్య రూపుదిద్దుకున్నవారు. వారి చిత్రాలలో విశ్వాసం ఎక్కడ ఉంది? యేసు, మరియమాత బొమ్మలలోనే వెతికితే మీకు సగం సమాధానమే దొరుకుతుంది. వస్తువును చూపిన తీరులోనూ వెతకాలి.

2. ఆండీ వార్హోల్ (1928–1987)

వార్హోల్ తల్లిదండ్రులు నేటి స్లొవాకియాలోని మికోవా గ్రామం నుంచి అమెరికాకు వలస వెళ్ళారు. వారిది బైజాంటైన్ క్యాథలిక్ సంప్రదాయం. పిట్స్‌బర్గ్‌లో ఆయన తల్లితో కలిసి వెళ్ళిన చర్చిలో, బలిపీఠం ముందు పునీతుల చిత్రాలు వరుసలుగా అమర్చిన తెర ఉండేది. ఆ సంప్రదాయంలో ఇటువంటి చిత్రాన్ని ఐకాన్ అంటారు. ఐకాన్‌లో లోతు, నీడలు తక్కువ. ముఖం సూటిగా మనవైపు చూస్తుంది. వెనుక బంగారు రంగు పరలోక కాంతికి గుర్తు. పాత నమూనాను తిరిగి తిరిగి చిత్రించడం అక్కడ లోపం కాదు, నియమం.

ఇప్పుడు 1962లో, మార్లిన్ మన్రో మరణించాక, వార్హోల్ చేసిన ‘గోల్డ్ మార్లిన్ మన్రో’ను పరిశీలించండి. విశాలమైన బంగారు రంగు నేల మధ్యలో చిన్న ముఖం ఒక్కటే ఉంటుంది. ముఖాన్ని సిల్క్ స్క్రీన్ పద్ధతిలో అచ్చువేశారు. మన ఊళ్ళలో శుభలేఖలకు వాడే స్క్రీన్ ప్రింటింగ్ కూడా ఈ పద్ధతే. ఐకాన్‌లో పునీతురాలు ఉండవలసిన చోట ఇక్కడ తార ఉంది. ఆమె పట్ల ఇది ఆరాధనా? తారలను పూజించే సమాజంపై విమర్శా? చిత్రం రెండింటికీ చోటిస్తుంది.

చివరి దశలో ఆయన లియొనార్డో డావిన్చి ‘కడరాత్రి భోజనం’ ఆధారంగా నూరుకు పైగా చిత్రాలు చేశారు. మూలచిత్రం నుంచి కాక, జనం చేతులలో తిరిగే నకళ్ళ నుంచి వాటిని తయారుచేశారు. ఒక దానిలో శిష్యుల మధ్య ఉన్న యేసుపై ‘డవ్’ సబ్బు గుర్తు, ‘జీఈ’ కంపెనీ గుర్తు, 59 సెంట్ల ధర చీటీ కనిపిస్తాయి. డవ్ అంటే పావురం. క్రైస్తవంలో పావురం పవిత్రాత్మకు చిహ్నం. జీఈ అప్పట్లో విద్యుద్దీపాలు తయారుచేసిన కంపెనీ. వెలుగు దైవానికి చిహ్నం. ధర చీటీ మాత్రం ఈ వ్యాఖ్యానానికి సులభంగా లొంగదు. ఈ చిత్రాలలో కొన్నింటిని 1987 జనవరిలో మిలాన్‌లో, లియొనార్డో చిత్రం ఉన్న మఠానికి ఎదురుగా ప్రదర్శించారు. మరుసటి నెలలోనే వార్హోల్ మరణించారు. ఆయన తరచు చర్చికి వెళ్ళేవారనీ, పండుగ రోజులలో నిరాశ్రయులకు భోజనం వడ్డించేవారనీ స్మారక సభ తరవాతే చాలామందికి తెలిసింది.

3. కొరిటా కెంట్ (1918–1986)

కొరిటా లాస్ ఏంజెలెస్‌లో కన్యస్త్రీ, చిత్రకళా అధ్యాపకురాలు. 1962లో అదే నగరంలో వార్హోల్ 32 సూప్ డబ్బాల చిత్రాలను చూశాక ఆమె కళ మలుపు తిరిగింది. ‘వండర్ బ్రెడ్’ పొట్లంపై ఉండే రంగుల చుక్కలు ఆమె చిత్రంలో దివ్యసత్ప్రసాదపు అప్పాలను తలపిస్తాయి. 1964లో ఒక టమాటా సాస్ ప్రకటన మాటలను తీసుకుని, మరియమాతను అన్నింటికన్నా రసవంతమైన టమాటాగా వర్ణించారు. అమెరికన్ వాడుకలో ఆ మాటకు అందగత్తె అనే చౌకబారు అర్థం కూడా ఉంది. అందువల్ల ఇది వివాదాస్పదమైంది.

ఈ పనిని ఆనాటి సందర్భంలో చూడాలి. 1962–65 మధ్య జరిగిన రెండవ వాటికన్ మహాసభ పూజలో లాటిన్‌తోపాటు ప్రజల భాషలకూ చోటిచ్చింది. కొరిటా మరో అడుగు వేసి, అంగడి భాషను కూడా ప్రార్థనకు పనికివచ్చేటట్లు చేశారు. స్థానిక మతాధికారులతో ఘర్షణ పెరిగింది. 1968లో ఆమె మఠజీవితం వదిలారు. బొమ్మలు వేయడం మానలేదు.

4. పరిశీలన పద్ధతి

ఇటువంటి చిత్రం ఎదురైనప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. చిత్రంలో కంటికి కనిపిస్తున్నదేమిటి? ఆ రూపం ఏ మత సంప్రదాయం నుంచి వచ్చింది? కళాకారుని జీవితం ఏ ఆధారం ఇస్తున్నది? మూడవ ప్రశ్నకు వచ్చిన జవాబుతో మొదటిదాన్ని కప్పివేయకండి. వార్హోల్ చర్చికి వెళ్ళినంత మాత్రాన ఆయన చిత్రమంతా ప్రార్థన కాదు. ధర చీటీ ఉన్నంత మాత్రాన అది దూషణా కాదు. తొందరపడి తీర్పు చెప్పేవారు, మెచ్చుకున్నా ఖండించినా, చిత్రాన్ని పూర్తిగా చూడనివారే.

5. సారాంశం

వార్హోల్ ఐకాన్ లక్షణాలను జనాదరణ పొందిన బొమ్మలకు అన్వయించారు. కొరిటా అంగడి మాటలలో పవిత్రార్థాన్ని పలికించారు. ఇద్దరి దారులు వేరైనా, పవిత్రమైనది నిత్యజీవితానికి దూరంగా ఉండనక్కరలేదన్న ఆలోచన ఇద్దరి చిత్రాలలోనూ కనిపిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘గోల్డ్ మార్లిన్ మన్రో’లో కనిపించే ఐకాన్ లక్షణాలు ఏవి?
2. కొరిటా టమాటా చిత్రం భక్తి ప్రకటనా, అపచారమా? మీ అభిప్రాయాన్ని ఆధారాలతో సమర్థించండి.