ఏప్రిల్ నుంచి జూలై దాకా: ఇంగ్లండ్‌లో చిన్న తరగతుల చదువు

మన దగ్గర ఏప్రిల్ నెలాఖరుకల్లా బడులకు సెలవులిచ్చేస్తారు. ఇంగ్లండ్‌లో సరిగ్గా అప్పుడే చదువుల ఏడాదిలో చివరి అంకం మొదలవుతుంది. అక్కడ బడి సెప్టెంబరులో తెరుస్తారు, మూడు టర్ములుగా నడుపుతారు. ఈస్టర్ సెలవుల తర్వాత ఏప్రిల్‌లో మొదలై జూలై మూడో వారం దాకా సాగేదే సమ్మర్ టర్మ్. మే ఆఖర్లో ఒక వారం సెలవు. స్కాట్లండ్, వేల్స్ పద్ధతులు వేరు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ సంగతే.

టర్మ్ మొదట్లో బడి నుంచి ఇంటికి ఒక కాగితం వస్తుంది. ఇంగ్లిష్‌లో ఏం చెబుతారో, లెక్కల్లో ఏం చెబుతారో, సైన్సు, చరిత్ర, బొమ్మలు, ఆటలు, అన్నీ ఆ ఒక్క పేజీలోనే. అక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రుల్లో చాలామంది దాన్ని చదివి, ‘ఈ మూడు నెలలూ ఆటలు, ట్రిప్పులే కదా, చదువేదీ?’ అంటారు. వేసవిలో చూడ్డానికి వెళ్లిన అమ్మమ్మలు, నాయనమ్మలకైతే మనవడు టోపీ పెట్టుకుని, సన్ క్రీమ్ రాసుకుని, మంచినీళ్ల సీసాతో బడికెళ్లడం చూస్తే ఆ అనుమానం ఇంకా బలపడుతుంది. పాఠ్యపుస్తకం ఇంటికి రాదు. యూనిట్ టెస్టు మార్కులూ రావు. వాళ్ల అనుమానం న్యాయమైనదే. దాన్ని తీర్చాలంటే ఆ కాగితంలోని ఒక్కో వాక్యం వెనక ఏముందో తెలియాలి.

ముందు ఒక చిక్కుడు గింజ సంగతి చూద్దాం. గాజు సీసా లోపలి గోడ వెంట తడిపిన కాగితం చుట్టి, కాగితానికీ గాజుకూ మధ్య గింజను ఇరికిస్తారు. మట్టి లేదు కాబట్టి లోపల జరిగేదంతా బయటికి కనిపిస్తుంది. కొన్నాళ్లకు గింజ ఉబ్బుతుంది, పైతోలు పగులుతుంది, ముందు వేరు కిందికి దిగుతుంది, ఆ తర్వాతే మొలక పైకి లేస్తుంది. సీసాను పక్కకు తిప్పి పెట్టినా వేరు వంగి మళ్లీ కిందికే పోతుంది. రెండో తరగతి సైన్సులో పిల్లలకు తెలియాల్సింది ఇదే: విత్తనం మొక్క ఎలా అవుతుంది, అది బతకడానికి నీళ్లు, వెలుతురు, తగిన వేడి ఎందుకు కావాలి. అందుకే మరో సీసాను బీరువాలో చీకట్లో పెడతారు. చీకట్లో ఉన్న గింజ కూడా మొలకెత్తడం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. వెలుతురు గింజకు కాదు, ఆకులు తొడిగే మొక్కకు కావాలి. ఆ తేడాను పిల్లలు తామే కనిపెట్టడం కోసమే ఇదంతా.

అదే మొక్కను వారం వారం స్కేలుతో కొలుస్తారు. సెంటీమీటర్లు పట్టికలో రాసి, పట్టికను గ్రాఫు చేస్తారు. అది లెక్కల పాఠం. ‘ముందు కాగితం తడపండి, తర్వాత గింజ పెట్టండి’ అని వేరేవాళ్లకు అర్థమయ్యేలా వరసగా రాయిస్తారు. అది ఇంగ్లిష్ పాఠం. ఆకు ఈనెలను పెన్సిలుతో గీయిస్తారు, అది బొమ్మల పాఠం. ఇంటికొచ్చిన కాగితంలో ఇవి నాలుగు వేరువేరు గడుల్లో కనిపిస్తాయి గానీ తరగతిలో ఒకే గింజ చుట్టూ నడుస్తాయి. నా ఉద్దేశంలో ఈ టర్మ్ గొప్పతనం ఇక్కడే ఉంది. ఏడాదంతా విడివిడిగా నేర్చిన కొలవడం, రాయడం, చూడటం ఒకచోట పనికొస్తాయని పిల్లలకు అనుభవంలోకి వస్తుంది. దీన్ని ఆట అని కొట్టిపారేస్తే మనం ఆ చదువును చూడనట్టే.

ఇంకా చిన్నవాళ్లకు, అంటే నాలుగైదేళ్ల రిసెప్షన్ తరగతికి, గొంగళిపురుగులు వస్తాయి. చాలా బడులు వాటిని డబ్బాలో తెప్పించి, సీతాకోకచిలుకలయ్యాక తోటలో వదిలేస్తాయి. అప్పుడే ఎరిక్ కార్ల్ 1969లో రాసిన ఆకలిగొన్న గొంగళిపురుగు కథ చదివిస్తారు. అందులో వారాల పేర్లున్నాయి, పళ్ల లెక్క ఉంది, జీవిత చక్రం ఉంది. జూన్ ఆఖరుకు టీచరు ఒక్కో బిడ్డనూ 17 అంశాల్లో అంచనా వేస్తారు. దానికి పరీక్ష ఉండదు, ఏడాదంతా గమనించినదే ఆధారం.

అసలు పరీక్షలే లేవా అంటే ఉన్నాయి. ముఖ్యమైన మూడూ ఈ టర్మ్‌లోనే వస్తాయి.

మొదటిది జూన్‌లో, ఒకటో తరగతికి జరిగే ఫోనిక్స్ పరీక్ష. 2012 నుంచి జరుగుతోంది. టీచరు బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని 40 మాటలు చదివిస్తారు. వాటిలో 20 నిజం మాటలు, 20 అర్థమే లేని కల్పిత మాటలు. కల్పిత మాట పక్కన ఒక వింత జీవి బొమ్మ ఉంటుంది. అర్థం లేని మాటలు చదివించడమేమిటని మనవాళ్లు చాలామంది తెల్లబోతారు. మనం ‘సీ ఏ టీ క్యాట్’ అని అక్షరాల పేర్లు వల్లించి ఇంగ్లిష్ నేర్చుకున్నవాళ్లం. తెలుగులో ‘క’ ఎక్కడున్నా ‘క’ అనే పలుకుతుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలతో దాదాపు 44 ధ్వనులు పలకాలి. అందుకని అక్షరం పేరు కాకుండా ధ్వని నేర్పుతారు, ధ్వనులను కలిపి మాట చదివిస్తారు. నిజం మాటైతే బిడ్డ గుర్తుపట్టి చెప్పేయొచ్చు. ఎన్నడూ చూడని మాటను చదివితేనే కలపడం వచ్చిందని తెలుస్తుంది. కొందరు చదవగలిగిన పిల్లలు ఇక్కడే తడబడతారు, కల్పిత మాటను తమకు తెలిసిన మాటగా మార్చి చదివేస్తారు. చాలా ఏళ్లుగా 40కి 32 వస్తే సరిపోతోంది. రాకపోతే రెండో తరగతిలో మళ్లీ చదివిస్తారు. ఇంట్లో అక్షరాల పేర్లతో స్పెల్లింగులు బట్టీ పెట్టిస్తే ఈ వయసులో బిడ్డకు రెండు దారులు ఎదురై గందరగోళం అవుతుంది. బడి దారినే పోనివ్వడం మంచిది.

రెండోది నాలుగో తరగతి ఎక్కాల పరీక్ష. ఇదీ జూన్‌లోనే, కంప్యూటర్ మీద. 25 ప్రశ్నలు, ఒక్కో దానికి 6 సెకన్లు. ఎక్కాలు 12 వరకే. మన తాతయ్యలు ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పినవాళ్లు కాబట్టి ఇదెంత అనిపిస్తుంది. కానీ అప్పజెప్పడం వేరు, ఇది వేరు. ఏడో ఎక్కాన్ని మొదటినుంచి చదువుకుంటూ ఎనిమిది దాకా రావడానికి 6 సెకన్లు చాలవు. ఏడెనిమిదులు ఎంత అనగానే యాభై ఆరని తట్టాలి, ఎనిమిదేడులు అన్నా అదే తట్టాలి. 6, 7, 8, 9, 12 ఎక్కాల నుంచే ఎక్కువ అడుగుతారు. ఇందులో పాస్, ఫెయిల్ లేవు. తాతయ్య వీడియో కాల్‌లో వరస తప్పించి అడుగుతూ ఉంటే, తెలుగులోనే అడిగినా సరే, బిడ్డకు ఇంతకంటే మంచి సాధన ఉండదు.

మూడోది మే నెలలో ఆరో తరగతికి, సోమవారం నుంచి గురువారం దాకా జరిగే శాట్స్. వ్యాకరణం, స్పెల్లింగు, చదివి అర్థం చేసుకోవడం, మూడు లెక్కల పేపర్లు. వచ్చిన మార్కులను 80 నుంచి 120 దాకా ఉండే కొలమానంలోకి మారుస్తారు. 100 వస్తే ఆ వయసుకు ఆశించినంత వచ్చినట్టు. రాతకు పరీక్ష లేదు, ఏడాదిలో రాసినవాటిని చూసి టీచరే నిర్ణయిస్తారు. హైస్కూల్ సీటు మార్చి మొదట్లోనే చెప్పేస్తారు కాబట్టి మేలో రాసే ఈ పరీక్షతో సీటుకు సంబంధం లేదు. దీనికోసం పిల్లల నిద్ర చెడగొట్టే ట్యూషన్లు పెట్టించే తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే బాగుంటుంది.

చరిత్ర, భూగోళం పాఠాల్లో ఏది ఏ టర్మ్‌లో అన్నది ఎక్కువగా బడి ఇష్టం. పెద్ద తరగతుల్లో తొలి నాగరికతల్లో ఒకదాన్ని లోతుగా చెబుతారు: సుమేరు, సింధు లోయ, ఈజిప్టు, చైనాలో షాంగ్ వంశం. చాలా బడులు ఈజిప్టును ఎంచుకుంటాయి. మీ పిల్లల కాగితంలో సింధు లోయ అని కనిపిస్తే అది వదులుకోకూడని అవకాశం. మొహెంజొదారో ఇటుకల గురించి, మురుగు కాల్వల గురించి ఇంట్లో మాట్లాడితే, రేపు తరగతిలో చెప్పడానికి ఆ బిడ్డ దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. భూగోళానికి ఎండాకాలమే అనుకూలం. వీధిలో నిలబడి పోయే వాహనాలను లెక్కపెట్టడం, దిక్సూచితో ఎనిమిది దిక్కులు చెప్పడం, మ్యాపులో గళ్ల అంకెలతో చోటు కనిపెట్టడం లాంటివి బయటే చేయిస్తారు. ఒకటో తరగతి వాళ్లు పగటి పొద్దు మారడం గమనిస్తారు. లండన్‌లో డిసెంబరులో దాదాపు 8 గంటలే ఉండే పగలు జూన్‌లో పదహారున్నర గంటలవుతుంది. వెలుతురుండగానే పడుకోమంటారేమని పిల్లలు అడిగే ప్రశ్న కూడా ఒక సైన్సు పాఠమే.

ఆటల్లో పరుగెత్తడం, దూకడం, విసరడం నేర్పి చివర్లో స్పోర్ట్స్ డే పెడతారు. మన నిమ్మకాయ చెమ్చా పరుగులాంటిదే వాళ్ల గుడ్డు చెమ్చా పరుగు. ఆరో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి బిడ్డా కనీసం 25 మీటర్లు ఈదగలగాలి.

ఆ కాగితంలో ఒక వాక్యాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఐదు, ఆరు తరగతులకు యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పుల గురించి చాలా బడులు ఈ టర్మ్‌లోనే చెబుతాయి. ఆడపిల్లల నెలసరి కూడా అందులో ఉంటుంది. 2020 సెప్టెంబరు నుంచి ప్రైమరీ బడుల్లో కుటుంబ, స్నేహ సంబంధాల పాఠాలు తప్పనిసరి. ప్రభుత్వ బడుల్లో ఆరోగ్య పాఠాలూ అంతే. సైన్సులో ఉన్నదాన్ని మించి లైంగిక విద్య చెబితే, దాని నుంచి మాత్రం బిడ్డను తప్పించమని తల్లిదండ్రులు అడగొచ్చు. ఏం చెబుతారో ముందుగా చూపించమంటే బడి చూపిస్తుంది. తప్పించమని కంగారుపడి సంతకం పెట్టేముందు ఆ పాఠం చూడండి. తొమ్మిది, పదేళ్లకే నెలసరి వచ్చే పిల్లలున్నారు. అది ఏమిటో తెలియక భయపడే పరిస్థితి మన అమ్మాయిలకు రాకూడదు.

జూలైలో రిపోర్టు వస్తుంది. అందులో ర్యాంకు ఉండదు. వయసుకు తగ్గ స్థాయిలో ఉన్నారా, ఇంకా చేరుకుంటున్నారా, దాటి లోతుగా తెలుసుకున్నారా అనేదే ఉంటుంది. చదివేటప్పుడు బిడ్డ పుట్టిన నెల కూడా చూడాలి. అక్కడ తరగతికి కటాఫ్ తేదీ ఆగస్టు 31. సెప్టెంబరులో పుట్టిన పిల్లా, మరుసటి ఆగస్టులో పుట్టిన పిల్లాడూ ఒకే తరగతిలో ఉంటారు. ఐదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా చాలా పెద్దది. ఆగస్టు పిల్లాడి రిపోర్టులో ‘ఇంకా చేరుకుంటున్నాడు’ అని రాసి ఉంటే, టీచరును ఏ విషయంలో అని అడిగి, ఆ ఒక్కదాని మీద వేసవి సెలవుల్లో కాస్త సమయం పెడితే చాలు.