పైడి జైరాజ్‌గారి నటజీవితము, నిర్మాణసాహసము, మిగిలిన ఆధారములు

గోదావరీనది నాందేడు పట్టణమును దాటి తూర్పునకు సాగి, కందకుర్తికడ మంజీరను కలుపుకొని, బాసర క్షేత్రముమీదుగా తెలుగునేలలో ప్రవేశించును. 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీ వరకు ఈ దారిలో రాష్ట్రపు సరిహద్దు లేకుండెను. నాందేడు, నిజామాబాదు, కరీంనగరు జిల్లాలు మూడును హైదరాబాదు రాజ్యములోనివే. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్‌ ప్రాంతముల తెలుగు కుటుంబములలో పెక్కు తామున్నచోటనే యుండగా, సరిహద్దే వారిని దాటి అవతలికి పోయినది. కరీంనగరున పుట్టి, హైదరాబాదున చదివి, బొంబాయిలో డెబ్బది సంవత్సరములు గడపిన పైడి జైరాజ్‌గారి చరిత్రను ఈ ప్రాంతపు తెలుగువారు తమ యింటి చరిత్రగా చదువవచ్చును.

ఆయన నటుడు, దర్శకుడు, సొంత పూచీమీద చిత్రమును తీసి దెబ్బతిన్న నిర్మాత. ఆయనను గూర్చి వ్రాయబూనినవారికి మొట్టమొదట ఒక చిక్కు ఎదురగును. ఆయన యౌవనమున నటించిన మూగచిత్రములు నేడు చూచుటకు దొరకవు. కవి మరణించినను గ్రంథము నిలుచును. శిల్పి పోయినను శిల మిగులును. చిత్రనటునికి చిత్రమే పోయినచో ఆయన కళకు సాక్ష్యమేది? కరపత్రములు, పాటల పుస్తకములు, ఛాయాచిత్రములు, వానిని దాచిన కొందరు పట్టుదలగల మనుష్యులు. జైరాజ్‌గారి జీవితముతోపాటు ఈ విషయమును గూడ ఇచట చర్చింపవలసియున్నది.

జైరాజ్‌గారు 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన కరీంనగరున జన్మించిరి. సరోజినీనాయుడుగారి అత్తింటివైపు వారితో ఆయనకు బంధుత్వము కలదు. హైదరాబాదులోని నిజాం కళాశాలలో చదువుచుండగా నాటకములపై మనసు పోయినది. 1929లో, ఇరువదియేండ్లు నిండకముందే, బొంబాయికి ప్రయాణమైరి. ఆ కాలమున సంపన్న గృహములలో పుట్టిన విద్యావంతుడు సినిమాలో చేరుట పరువైన పనిగా నెంచబడలేదు. బారిస్టరో, తహసీలుదారో కావలసినవాడు ముఖమునకు రంగు పూసికొనుట పెద్దలకు మింగుడు పడని విషయము.

ఆ యేడాదియే ‘జగ్‌మగతీ జవానీ’ అను మూగచిత్రమున ఆయనకు చిన్నవేషము దొరకినది. పిదప ‘రసీలీ రాణీ’లో కథానాయకుడైరి. ఇట్లు సుమారు పది మూగచిత్రములలో నటించిరి. తెలుగు యువకునకు బొంబాయిలో అంత త్వరగా చోటు దొరకుటకు కారణము సుస్పష్టము. మూగచిత్రమున నటునికి భాషతో పనిలేదు. దేహదార్ఢ్యము, గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, కన్నులలో భావము, ఇవి చాలును. జైరాజ్‌గారు ఒడ్డు పొడుగు గల మనిషి. మాటలు కావలసినచోట తెరపై అక్షరముల పలకలు వచ్చెడివి. అవి ప్రాంతమును బట్టి పలు లిపులలో నుండెడివి. చదువురానివారి కొరకు వానిని బిగ్గరగా చదివి, నడుమనడుమ తన చమత్కారమును జోడించు మనిషి దక్షిణదేశపు చిత్రశాలలలో నుండెడివాడు. పెద్దపట్టణములలో ఒక హార్మోనియము, ఒక తబలా కూడ.

1931 మార్చి 14వ తేదీన ‘ఆలం ఆరా’ విడుదలయినంతనే ఈ వ్యవస్థ తలక్రిందులైనది. చిత్రము మాటాడసాగినది. అప్పటివరకు పేరుమోసిన నటీనటులు పలువురకు హిందూస్తానీ నోట పలుకక పోయెను. బాగ్దాదీ యూదు కుటుంబమునకు చెందిన రూబీ మేయర్స్‌ అను సులోచన వంటి అగ్రతార సైతము కొంతకాలము నటన మాని భాష నేర్చుకొని తిరిగి రావలసివచ్చెను. తెలుగువాడైన జైరాజ్‌గారు మాత్రము 1932లోనే ‘షికారీ’ అను టాకీలో నటించిరి. ఇది ఎట్లు సాధ్యమయ్యెను?

దీనికి సమాధానము హైదరాబాదులో కలదు. నిజాం కళాశాల మదరాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై ఆంగ్లమున బోధించుచుండెను. కాని కచేరీ భాష ఉర్దూ, న్యాయస్థానపు భాష ఉర్దూ, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు బోధనభాష ఉర్దూ. ఇంట తెలుగు, వీధిలో దక్కనీ, కాగితముమీద ఉర్దూ, ఇట్లు మూడు నాలుగు భాషల నడుమ ఆ నగరపు యువకులు పెరిగిరి. తెలుగునకు తన నేలమీదనే చోటు లేకపోవుటను గూర్చి ఆనాటి ఆంధ్రోద్యమ నాయకులు ఆవేదన పడినది న్యాయమే. నాందేడులో మరాఠీ చదువరులకును అదే బాధ. అయినను ఆ నిర్బంధమే ఒక తెలుగు నటునకు బొంబాయి టాకీలో నోరిచ్చినదని ఒప్పుకొనక తప్పదు. చరిత్రలో మేలు కీడులు ఒకే మూటలో వచ్చుచుండును. ఈ భాషాబలము లేకున్నచో జైరాజ్‌గారి వృత్తి మూగచిత్రములతోనే ముగిసియుండెడిదని నా అభిప్రాయము.

తరువాతి పదునైదేండ్లు ఆయన ఉచ్చదశ. బాంబే టాకీస్‌ వారి ‘భాభీ’ (1938), కార్దార్‌ దర్శకత్వమున ‘స్వామి’ (1941), ‘నయీ దునియా’ (1942), సైగల్‌ ప్రధానపాత్ర ధరించిన ‘షాజహాన్‌’ (1946) ఈ కాలమునివి. దేవికారాణి కడపటి చిత్రము ‘హమారీ బాత్‌’ (1943). అందు నాయకుడు జైరాజ్‌గారే.

ఇక నిర్మాణసాహసము. బాంబే టాకీస్‌ సంస్థలో 1945లో ‘ప్రతిమ’ అను చిత్రమునకు ఆయన దర్శకత్వము వహించిరి. అప్పటికి కొత్తవాడైన దిలీప్‌కుమార్‌ దీనిలో నాయకుడు. అది ఆయనకు రెండవ చిత్రము. పెద్ద సంస్థ నీడలో దర్శకత్వము వేరు, సొంత తలపై బరువు వేసికొనుట వేరు. రెండవ ప్రపంచయుద్ధము పిదప బొంబాయి చిత్రపరిశ్రమ రూపు మారినది. నెలజీతములిచ్చి నటులను పోషించిన సంస్థలు ఒక్కొక్కటిగా క్షీణించినవి. యుద్ధకాలపు లాభములు చేతబట్టుకొని వచ్చిన ధనికులు తారలకు చిత్రమునకింతయని పెద్దమొత్తములు చెల్లింపసాగిరి. సొంత స్టూడియో లేని నిర్మాత పంపిణీదారు ఇచ్చు బయానాపైనను, వడ్డీ అప్పుపైనను ఆధారపడవలెను. చిత్రీకరణ ఆలస్యమైన కొలది వడ్డీ పెరుగును. చిత్రము ఆడినచో మొదటి రాబడి అప్పులవారిది, ఆడనిచో నష్టము నిర్మాతది. 1951లో నివేదిక సమర్పించిన ఎస్‌. కె. పాటిల్‌ సంఘము ఈ దుస్థితినే ప్రభుత్వమునకు నివేదించినది.

సరిగా ఆ యేడే జైరాజ్‌గారి సొంతచిత్రము ‘సాగర్‌’ వెలువడినది. నర్గీస్‌, భరత్‌భూషణ్‌, జైరాజ్‌ అందలి తారలు. ఆంగ్లకవి టెన్నిసన్‌ వ్రాసిన ‘ఈనాక్‌ ఆర్డెన్‌’ అను కథాకావ్యము దీనికి ఆధారము. నావికుడొకడు సముద్రమున చిక్కుకొని యేండ్లకేండ్లు తిరిగిరాడు. భార్య అతడు మరణించెనని తలచి, బాల్యమిత్రుడైన మరియొకనిని వివాహమాడును. నావికుడు తుదకు తిరిగివచ్చి, ఆమె సంసారము చల్లగా నుండుట చూచి, తానెవరో చెప్పకయే కన్ను మూయును. గంభీరమైన కథ. కాని భర్త బ్రతికియుండగా భార్య పునర్వివాహమాడిన కథను ఆనాటి మన ప్రేక్షకులు ఏ కంటితో చూచియుందురో ఊహింపవచ్చును. చిత్రము ఆడలేదు. జైరాజ్‌గారికి గట్టి నష్టము కలిగినది.

ఇచట ఇంకొక తెలుగువారిని స్మరింపవలెను. జైరాజ్‌గారు బొంబాయి చేరిన మరుసటి యేడు, 1930లో, ఏలూరు ప్రాంతమునుండి ఎల్‌. వి. ప్రసాద్‌గారు అదే నగరమునకు వచ్చి, చిత్రసంస్థలో చిల్లరపనులు చేసిరి. ‘ఆలం ఆరా’లోను, హెచ్‌. ఎం. రెడ్డిగారు తీసిన ‘కాళిదాసు’ (1931), ‘భక్త ప్రహ్లాద’ (1932) చిత్రములలోను చిన్నవేషములు ధరించిరి. నటుడుగా ప్రసాద్‌గారు జైరాజ్‌గారి దరిదాపులకు రాలేదు. వ్యాపారమున మాత్రము స్థితి తారుమారు. ప్రసాద్‌గారు 1956లో మదరాసున సొంత నిర్మాణసంస్థను స్థాపించి, స్టూడియోను, 1976లో ఫిలిములు కడుగు ప్రయోగశాలను నెలకొల్పిరి. ఒక చిత్రము పోయినను ఇతరుల చిత్రములు కడిగి అచ్చువేసిన రాబడి నిలుచును. జైరాజ్‌గారు తన మూలధనమునంతయు ఒక కథపై పెట్టిరి. ప్రసాద్‌గారు యంత్రములపై పెట్టిరి. ఒకరి కళాభిరుచి తక్కువ, ఒకరిది ఎక్కువ అని దీనివలన నిర్ణయించుట తగదు.

నష్టము పిదప జైరాజ్‌గారు వచ్చిన వేషమును కాదనక నటించిరి. చిత్రమేమనగా, సామాన్య ప్రేక్షకులు ఆయనను గుర్తుంచుకొన్నది ఈ కాలపు పాత్రల వలననే. హోమీ వాడియా తీసిన రంగుల చిత్రము ‘హాతింతాయి’ (1956), ‘అమర్‌సింగ్‌ రాఠోడ్‌’, ‘టిప్పు సుల్తాన్‌’ (1959), ‘పృథ్వీరాజ్‌ చౌహాన్‌’ (1959), ‘వీర దుర్గాదాస్‌’ (1960), ‘చంద్రశేఖర్‌ ఆజాద్‌’ (1963). కరీంనగరు తెలుగువాడు రాజపుత్ర వీరుల కెల్ల ముఖమైనాడు! ఈ చిత్రములను పండితులైన విమర్శకులు పట్టించుకొనలేదు. చిన్న ఊళ్ళ ప్రేక్షకులు మాత్రము విడువలేదు. 1963లో వెలువడిన ‘నైన్‌ అవర్స్‌ టు రామా’ అను ఆంగ్లచిత్రమున ఆయన ఘనశ్యామదాస్‌ బిర్లా పాత్రను ధరించిరి. ముదిమిలో దొరకినవి చిన్నవేషములు. ‘షోలే’ (1975)లో పోలీసు కమీషనరుగా కొన్ని నిమిషములు కనబడు పెద్దమనిషి ఆయనే. ఆ చిత్రమును పలుమార్లు చూచినవారిలో ఎందరు ఆయన తెలుగువాడని ఎరుగుదురు?

1980వ సంవత్సరపు దాదాసాహెబ్‌ ఫాల్కే పురస్కారము జైరాజ్‌గారికి లభించినది. తెలుగువారిలో అంతకుముందు 1974 సంవత్సరమునకు బి. ఎన్‌. రెడ్డిగారొక్కరే దానిని పొందియుండిరి. ఎల్‌. వి. ప్రసాద్‌గారికి 1982లో వచ్చినది. జైరాజ్‌గారు 2000వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన ముంబయిలో పరమపదించిరి. హైదరాబాదు రవీంద్రభారతిలోని చిన్న చిత్రశాలకు ఆయన పేరు పెట్టబడినది. ఆయన తొలి చిత్రములను మాత్రము అచట వేసి చూపుటకు వీలులేదు.

వీలెందుకు లేదో చెప్పవలెను. మనదేశమున తయారైన మూగచిత్రములు వేయి మూడువందలకు పైబడును. తునుకలతో సహా మిగిలినవి సుమారు ముప్పది. ఆనాటి ఫిలిము నైట్రేటు సెల్యులోజుతో చేయబడినది. అది నిప్పు తగిలినచో భగ్గున మండును. మంటకు కావలసిన ప్రాణవాయువు దానియందే యుండుటచే నీట ముంచినను ఆరదు. వేడిమికి, చెమ్మకు జిగటయై పొడియై పోవును. ఫిలిముపై వెండిపూత యుండుటచే, ఆడుట మానిన ప్రతులను తూకమునకమ్మి వెండి తీసికొనిరి. 1964లో పూనాలో జాతీయ చలనచిత్ర భాండాగారము స్థాపింపబడునాటికే మూగచిత్రములలో పెక్కు నశించినవి. 2003 జనవరిలో పూనా చిత్రవిద్యాలయపు ఆవరణలోని గిడ్డంగి కాలి, మిగిలిన నైట్రేటు ఫిలిములును బూడిదైనవి. ‘ఆలం ఆరా’ లేదు, ‘కాళిదాసు’ లేదు, మన ‘భక్త ప్రహ్లాద’ లేదు. జైరాజ్‌గారి చిత్రముల సంఖ్యను కొందరు నూటయేబది యనియు, కొందరు మూడువందల దాక యనియు చెప్పుటకు కారణమిదియే. లెక్కింపవలసిన వస్తువు చేతిలో లేదు.

మిగిలినది కాగితము. చిత్రశాలలో ఒకటి రెండణాల కమ్మిన పాటల పుస్తకమున నటీనటుల పేర్లు, కథాసంగ్రహము, పాటలు ఉండును. కథ మాత్రము కీలకఘట్టమున ఆగి, ‘తక్కినది తెరపై చూడుడు’ అను ధోరణిలో ముగియును. పరిశోధకునకు ఇది తలనొప్పి. ఇట్టి కాగితములను చిత్తుగా భావింపక దాచినవారి వలన చరిత్ర నిలిచినది. భాండాగారమును పెంచిన పి. కె. నాయర్‌ బాల్యమున చూచిన చిత్రముల టిక్కెట్టు ముక్కలను దాచుకొన్న మనిషి. మదరాసున ఫిల్మ్‌ న్యూస్‌ ఆనందన్‌ దక్షిణాది చిత్రముల వివరములను, ఛాయాచిత్రములను జీవితమంతయు కూర్చిరి. మన నటులలో మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు రంగస్థల నటుల జీవితములను, చిత్రపటములను ఊరూర సేకరించి ‘నటరత్నాలు’ అను గ్రంథముగా వెలువరించిరి. నటుడే సేకరణకర్త కావచ్చుననుటకు ఆయన మంచి నిదర్శనము.

నాందేడు జిల్లాలోని పాత యిండ్ల పెట్టెలలో ఇట్టి కాగితము కనబడినచో చదువు విధమును కొంత చెప్పుట ఉపయోగకరము. కరపత్రముపై వారము, తేదీ యుండి సంవత్సరము లేకపోవుట సాధారణము. వారమును తేదీతో సరిచూచినచో ఏ యేండ్లు సరిపడునో, ఏవి సరిపడవో తేలును. హైదరాబాదు రాజ్యమున అచ్చైనదైనచో ఫస్లీ సంవత్సరము ఉండవచ్చును. అది అక్టోబరులో మొదలగును. కావున అక్టోబరు మొదలు డిసెంబరు వరకు 590, జనవరినుండి 591 కూడిన క్రీస్తుశకము వచ్చును. జైరాజ్‌గారు బొంబాయికి వెళ్ళిన 1929లో సింహభాగము 1338 ఫస్లీ. బొంబాయిలో అచ్చైన కాగితమైనచో అడుగున ముద్రాక్షరశాల పేరు, ఊరు సన్ననియక్షరములలో ఉండును. 1867వ సంవత్సరపు చట్టము దానిని విధించినది. చిరిగిన కాగితమును అంచులు కత్తిరించి అట్టకు అతికించునపుడు మొట్టమొదట పోవునది ఆ వరుసయే.