ఇసాబు తేల్చుకుని కొలువు మానడం

రాజీనామా ఫారసీ నుంచి వచ్చిన మాట. రాజీ అంటే ఒప్పుదల, నామా అంటే పత్రం. ఒకప్పుడు రైతు తాను దున్నుకునే భూమిని సర్కారుకు వదిలేస్తూ రాసిచ్చే కాగితాన్ని కూడా రాజీనామా అనేవారు. కొలువు మానేటప్పుడు ఇచ్చే కాగితానికి తెలుగు, కన్నడ, మరాఠీ భాషల్లో ఆ పేరే నిలిచింది. ఉర్దూలో మాత్రం దాన్ని ఇస్తీఫా అంటారు. కోపంతో మేనేజరు బల్ల మీద విసిరికొట్టే కాగితానికి ఒప్పుదల పత్రమని పేరుండటం విచిత్రమే. అయినా ఎలా మానాలన్నది ఆ పేరులోనే ఉంది. ఇరుపక్షాలూ ఒప్పుకున్న తేదీ, అప్పగించిన పని, తేలిన లెక్క ఉంటే అది రాజీనామా. అవి లేకుండా వెళ్ళిపోతే దాన్ని జనం పని ఎగ్గొట్టడం అంటారు.

ఈ తేడా మహానగరంలో కంటే తాండూరు లాంటి ఊళ్ళో ఎక్కువ పట్టింపుకొస్తుంది. వికారాబాద్ జిల్లాలోని ఈ పట్టణంలో బతుకుదెరువు కొన్ని దారుల్లోనే ఉంది: నాపరాతి గనులు, బండల పాలిషింగ్ యూనిట్లు, 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన కందుల మీద నడిచే పప్పు మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీలు, వీటిని అల్లుకున్న లారీలు, దుకాణాలు, ప్రైవేటు బడులు. కరన్‌కోట్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ఫ్యాక్టరీ, మల్కాపూర్‌లో ఇండియా సిమెంట్స్, ఆ చుట్టుపక్కలే పెన్నా సిమెంట్ ఉన్నాయి. 1874లో నిజాం కాలాన మొదలైన సికింద్రాబాద్–వాడి రైలు మార్గం పట్టుకుని సరిహద్దు దాటితే కర్ణాటకలో సేడం, మల్ఖేడ్, వాడి సిమెంటు ఫ్యాక్టరీలు వరసగా తగులుతాయి. కిల్న్ (సిమెంటు బట్టీ) ఆపరేటరైనా, ల్యాబ్ కెమిస్టయినా ఇల్లు వదిలి దూరం పోకుండా కొలువు మారాలంటే ఈ పట్టాల మీదే ఒక స్టేషను అటో ఇటో జరగాలి.

పైగా ఇటీవల ఆ ఫ్యాక్టరీల యజమానులే మారిపోయారు. వాడిలోని ఏసీసీ 2022 సెప్టెంబరులో అదానీ గ్రూపు చేతికి వెళ్ళింది. 2024 ఆగస్టులో పెన్నా కూడా అదే గ్రూపులో కలిసింది. మల్ఖేడ్ ఫ్యాక్టరీ ముందునుంచీ బిర్లాలదే, ఇప్పుడు అల్ట్రాటెక్ పేరుతో నడుస్తోంది. 2024 డిసెంబరులో ఇండియా సిమెంట్స్, 2025 మార్చిలో సేడం ఫ్యాక్టరీ ఆ అల్ట్రాటెక్ కిందికే చేరాయి. పెన్నాలో తగువుపడి వాడికి వెళ్ళినవాళ్ళు, మల్కాపూర్ మీద అలిగి సేడంలో చేరినవాళ్ళు ఉంటే, ఇప్పుడు వాళ్ళు వదిలొచ్చిన చోటూ చేరిన చోటూ ఒకే యాజమాన్యానివి. పాత రికార్డు కొత్త బాసు కంప్యూటరులో తేలడానికి ఎంతోసేపు పట్టదు.

మానేసే తీరు మీద పరిశోధన కూడా జరిగింది. అమెరికాకు చెందిన ఆంథొనీ క్లాట్జ్, మార్క్ బొలినో 2016లో రాజీనామాలను ఏడు రకాలుగా విడదీశారు. పద్ధతి ప్రకారం కారణం చెప్పి వెళ్ళేవారు, కారణం చెప్పకుండా కాగితం మాత్రం ఇచ్చేవారు, కృతజ్ఞత చెప్పి సాయపడి వెళ్ళేవారు, ఆలోచన మొదలైనప్పుడే పైవాడి చెవిన వేసేవారు, మొహం చాటేసి ఎవరితోనో కబురంపేవారు, ఉన్నట్టుండి మానేసేవారు, పోతూపోతూ నిప్పు పెట్టి పోయేవారు. కోవిడ్ తర్వాత జనం మూకుమ్మడిగా కొలువులు వదలడాన్ని 2021లో ‘గ్రేట్ రెజిగ్నేషన్’ అని ప్రచారంలోకి తెచ్చింది ఈ క్లాట్జే. జపానులోనైతే మొహం చాటేసేవారి తరఫున రుసుము తీసుకుని ‘మావాడు రేపటినుంచి రాడు’ అని ఫోన్ చేసి చెప్పే కంపెనీలు వెలిశాయి. తాండూరులో ఆ పని బావమరిదో, ఊరి పెద్దమనిషో చేసిపెడుతుంటారు. పైసలు తీసుకోరు గానీ విషయాన్ని నలుగురికీ చెబుతారు.

అందుకే మొదటి జాగ్రత్త నోటి దగ్గర మొదలవుతుంది. కొత్తచోట ఆఫర్ కాగితం చేతికి అందేదాకా, అందులో జీతం, చేరే తేదీ రాసున్నాయని చూసుకునేదాకా పాతచోట మాట బయటపడకూడదు. అందిన తర్వాత మొదట తెలియవలసింది రోజూ పని చెప్పే పైఅధికారికి. టీ కొట్టు దగ్గర నలుగురికీ తెలిశాక ఆఖరున ఆయనకు తెలిస్తే, కొలువు మానినందుకు కంటే ఆ అవమానానికే ఎక్కువ నొచ్చుకుంటాడు. చెప్పవలసింది రెండు ముక్కలే: ‘సార్, నాకు వేరేచోట కొలువు దొరికింది. వచ్చే నెల పదిహేనో తారీఖు దాకా ఉంట, పని ఎవరికి అప్పజెప్పమంటే వాళ్ళకు నేర్పిచ్చి పోత.’ ఎందుకు, ఎంత ఇస్తున్నారు, ఎక్కడ అని అడిగితే అన్నింటికీ జవాబివ్వాలనే నియమం లేదు. జీతం పెంచుతాం ఉండిపొమ్మంటే మాత్రం ఆలోచనకు ఒక్క రోజు గడువు అడిగి, తేల్చి చెప్పాలి. రెండు చోట్లా ఊరిస్తూ పోతే ఆఖరుకు రెండు చోట్లా నమ్మకం పోతుంది.

రాజీనామా పత్రం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఎవరికి, ఏ హోదాలోని ఉద్యోగి రాస్తున్నాడు, ఏ తేదీన ఇస్తున్నాడు, ఆఖరి పనిదినం ఏది, పని అప్పగిస్తానన్న మాట, ఒక కృతజ్ఞతా వాక్యం. ఇంతే. ఫిర్యాదులకు అది చోటు కాదు. వేధింపు, జీతం ఎగవేత లాంటి అసలైన ఫిర్యాదు ఉంటే దానికి వేరే కాగితం, వేరే అధికారి ఉంటారు. పత్రం అందినట్టు ఒక ప్రతి మీద సంతకం, తేదీ తీసుకోవాలి, లేదా మెయిల్‌లో పంపాలి. వాట్సాప్‌లో పెట్టి నీలి టిక్కులు చూసుకుని మురిసిపోవడం చాలదు.

రాసిచ్చాక మనసు మారితే? 1977 మేలో అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సతీశ్ చంద్ర ఆగస్టు 1 నుంచి అమలయ్యేలా రాష్ట్రపతికి రాజీనామా పంపి, జులైలో వెనక్కి తీసుకున్నారు. అది చెల్లుతుందా అని వివాదం రేగితే, ముందు తేదీ పెట్టి ఇచ్చిన రాజీనామాను ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చని 1978లో సుప్రీంకోర్టు తేల్చింది. సర్కారు కొలువుల్లో ఈ సూత్రాన్ని తరచూ ఎత్తిచూపుతారు. ప్రైవేటు కంపెనీల్లో మాత్రం ఒప్పందంలో ఏం రాసుందో, అవతలివారు ఆమోదించారో లేదో చూడాలి.

నోటీసు కాలం నియామక పత్రంలో ఉంటుంది. ఒక నెల మామూలు. అధికారి స్థాయిలో రెండు మూడు నెలలుంటాయి. అన్ని రోజులు ఉండలేకపోతే ఆ రోజుల జీతం కట్టి బయటపడే వీలు చాలాచోట్ల ఉంది, కాకపోతే ముందే అడగాలి. శిక్షణ ఇచ్చినందుకు బాండు రాయించుకుంటే దాన్నీ తీసి చదవాలి. మూడేళ్ళలోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న విజయా బ్యాంకు షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అలాగని మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదని కట్టడి చేయడం మాత్రం కుదరదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ అలాంటి షరతును చెల్లనివ్వదు.

కాగితంలో రాయని నోటీసు మరొకటుంది, అది పనిలో అదను. కందులు మార్కెట్టుకు పోటెత్తే జనవరి, ఫిబ్రవరి నెలల్లో పప్పు మిల్లు గుమాస్తా మానేస్తే సేఠ్ దిక్కుతోచక నిలబడతాడు. అదే వానాకాలంలో మానితే పెద్దగా బాధపడడు. గనుల్లో నీళ్ళు నిలిచి బండల పనీ అప్పుడు నెమ్మదిస్తుంది. సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ ఆపి మరమ్మతులు చేసే రోజుల మధ్య కదలకూడదు. బడి పంతుళ్ళకు ఏప్రిల్ పరీక్షల తర్వాతే వీలు. అన్నిసార్లూ అది కుదరదు. 2024 అక్టోబరు 9న సర్కారు పంతుళ్ళకు డీఎస్సీ నియామక పత్రాలు అందినప్పుడు విద్యాసంవత్సరం నడిమధ్యలో ఉంది. ప్రైవేటు బడిలో చెబుతూ ఎంపికైన పంతులును వేసవిదాకా ఆగమనడం న్యాయం కాదు. అక్కడ చేయగలిగింది పాఠం ఎక్కడిదాకా అయ్యిందో రాసిపెట్టడం, దిద్దని పేపర్లు మిగలకుండా చూడటం.

అసలు మర్యాదంతా పని అప్పగించడంలో ఉంది. చాలామంది దీన్ని ఆఖరి రోజు మధ్యాహ్నానికి నెట్టేస్తారు. మిల్లు గుమాస్తానే తీసుకుంటే, చిట్టా, ఆవర్జాల్లో రాసిన లెక్క ఎవరైనా చదువుకోగలరు. ఏ వ్యాపారి మాట మీద ఎన్ని బస్తాలు పట్టుకెళ్ళాడు, ఏ లారీవాడికి కిరాయి సగమే ఇచ్చారు, ఎవరి గోనె సంచులు తిరిగి రావాలి, ఇవి గుమాస్తా తలలోనే ఉంటాయి. వాటిని కాగితం మీదికి దించకుండా వెళ్ళిపోతే నెల తర్వాత వచ్చే ప్రతి తేడాకూ వెళ్ళినవాడి పేరే చెబుతారు, నిజంగా తిన్నవాడు తప్పించుకుంటాడు. సున్నపురాయి పొడి 1,450 డిగ్రీల దగ్గర క్లింకర్‌గా మారే కిల్న్‌లో లోపలి ఇటుకలు ఎక్కడ పలచబడ్డాయో, ఏ మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో రోజూ చూసే ఆపరేటరుకు తెలిసినట్టు లాగ్ పుస్తకానికి తెలియదు. తర్వాత వచ్చే మనిషిని పక్కన నిలబెట్టుకుని నాలుగు షిఫ్టులు నడపడమే దానికి మార్గం.

ఈ రోజుల్లో సెల్‌ఫోను కూడా ఆస్తే. బేరగాళ్ళ నంబర్లు, జీఎస్టీ పాస్‌వర్డు, లోడింగ్ వాట్సాప్ గ్రూపు సొంత ఫోనులో ఉంటే యాజమాన్యానికి అప్పగించి, గ్రూపులోంచి చెప్పి బయటకు రావాలి. నంబర్లు దాచుకుని కొత్తచోట వాడుకోవాలనే ఆశ చాలామందికి కలుగుతుంది. బండల వ్యాపారంలో ఆ సంగతి రెండు రోజుల్లో బయటపడుతుంది. ఐడీ కార్డు, తాళాలు, పనిముట్లు ఇచ్చేసి ‘నో డ్యూస్’ మీద సంతకాలు తీసుకున్నాక, రిలీవింగ్ లెటరు, సర్వీసు సర్టిఫికెట్టు అడిగి తీసుకోవాలి. చేరేటప్పుడు ఇచ్చిన ఒరిజినల్ చదువు సర్టిఫికెట్లు ఉద్యోగి సొత్తు. వాటిని పట్టుకుని బెదిరించే హక్కు ఎవరికీ లేదు.

ఇక పైసల లెక్క. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పది మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలో ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ వస్తుంది. గడువు రాసుకుని తీసుకున్న ఉద్యోగులకు సామాజిక భద్రతా కోడ్ కింద ఏడాదికే హక్కు ఏర్పడుతుంది. లెక్క తేలికే: ఆఖరి నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్ళతో గుణించాలి. వేతనం 26,000 రూపాయలై ఆరేళ్ళు పనిచేస్తే 90,000. నాలుగేళ్ళ పదకొండు నెలలకు రాజీనామా ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. ఐదో ఏట 240 రోజులు చేస్తే చాలునన్న వాదన కోర్టుల్లో ఉంది గానీ, ఆ వాదనకు వకీలును పెట్టుకోవడం కంటే ఇంకో నెల కొలువు చేయడం చవక.

కొలువు మానేసిన కొన్నాళ్ళకే పీఎఫ్‌ను తీసేసుకోవడం అలవాటుగా మారింది. కొత్త కొలువు ఉన్నవాళ్ళు అదే యూఏఎన్ నంబరు మీద బదిలీ చేసుకుంటే మంచిది. పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి కాబట్టి ఆ ఏళ్ళు తెగకుండా కలుస్తాయి. ఖాళీగా ఉన్నవాళ్ళు 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం ఏడాది నిరుద్యోగం తర్వాత తీసుకునేలా మార్చాలని 2025 అక్టోబరులో ఈపీఎఫ్ ట్రస్టీల బోర్డు నిర్ణయించింది. పాత యాజమాన్యం మానేసిన తేదీ నమోదు చేయకపోతే, ఆఖరి జమ పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగి తానే పోర్టల్‌లో నమోదు చేసుకోవచ్చు. పాతచోట ఆఖరి రోజు, కొత్తచోట మొదటి రోజు ఒకదాని మీదొకటి పడకుండా చూసుకోవాలి, పోర్టల్‌లో కనిపించే తేదీలను దాచలేం. సర్కారు కొలువైతే లెక్క వేరు. మామూలు రాజీనామాతో పింఛనుకు లెక్కించే పాత సర్వీసంతా పోతుంది. అనుమతితో మరో సర్కారు కొలువుకు వెళ్ళినవారికి నిలుస్తుంది.

నియామక పత్రమే లేని పనులు తాండూరులో వేలల్లో ఉన్నాయి. గనుల్లో, పాలిషింగ్ యూనిట్లలో మాట మీదే చేరతారు, అడ్వాన్సు తీసుకుని చేరతారు. పూర్వం తెలంగాణ పల్లెల్లో జీతగాడు ఉగాదికి కుదిరి మళ్ళీ ఉగాదికి ఇసాబు చేసుకునేవాడు. బాకీ తేలకపోతే ఇంకో ఏడాది అక్కడే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తన నిర్వచనంలో జీత, పాలేరు, వెట్టి, నిజాం ఇలాకాలోని భగేలా పద్ధతులను పేరుపేరునా చెప్పి రద్దు చేసింది. ఫరీదాబాద్ రాతిగనుల కూలీల తరఫున బంధువా ముక్తి మోర్చా వేసిన కేసులో 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ చట్టానికి పదును పెట్టింది. కాబట్టి అప్పు తీరేదాకా పని మానకూడదని, మరోచోటికి పోకూడదని కూలీని కట్టిపడేయడం నేరం. మామూలు అడ్వాన్సును చెప్పకుండా ఎగ్గొట్టి రాత్రి రైలెక్కడం మాత్రం వేరే సంగతి. దానివల్ల వెంట వచ్చిన తోటి కూలీలకూ, వెనక వచ్చే సొంతూరివాళ్ళకూ పని దొరకదు.

ఇక్కడ మానే పద్ధతి ఇలా ఉంటే తగువు రాదు. వారం ముందు మేస్త్రీకీ సేఠ్‌కూ కలిపి చెప్పాలి. ఇద్దరు తోటివాళ్ళ ముందు కూర్చుని ఎన్ని రోజులు పని, ఎంత కూలీ, ఎంత అడ్వాన్సు, వారవారం ఎంత కోత అని లెక్క వేయించాలి. మిగిలింది ఎవరు ఎవరికి ఎప్పటిలోగా ఇవ్వాలో తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఒక ప్రతి సేఠ్ దగ్గర, ఒకటి కూలీ దగ్గర ఉండాలి. రెండో కాగితం లేకపోతే ఉన్నదాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నా సరిపోతుంది.