హార్డ్‌టెయిల్‌కి ఫోర్క్ కొంటున్నారా? ట్రావెల్ నంబర్ చూసి పడిపోకండి

మెగాపిక్సెల్స్ ఎక్కువుంటే ఫొటో బాగుంటుందని నమ్మించే ఫోన్ యాడ్స్ మనకి కొత్త కాదు. మౌంటెన్ బైక్ ఫోర్క్‌లో ఆ పాత్ర ట్రావెల్‌ది. స్టిక్కర్ మీద 100 ఎంఎం అని కనిపిస్తే 80 కంటే బెటర్ అనుకుంటాం. కానీ ఆ నంబర్ చెప్పేది ఫోర్క్ ఎంత లోపలికి దిగుతుందనే. దిగాక ఎలా పైకి వస్తుందో చెప్పదు. అసలు కథంతా అక్కడే ఉంది.

గుంత తగిలితే ఆ దెబ్బని తీసుకునేది స్ప్రింగ్. అదే శక్తిని తిరిగి మీ చేతుల మీదకి విసరకుండా ఆపేది డ్యాంపర్. చిన్న రంధ్రాల్లోంచి ఆయిల్‌ని నెడుతూ స్పీడ్ తగ్గిస్తుంది. ఎంట్రీ లెవెల్ సైకిళ్లతో వచ్చే చాలా ఫోర్క్‌లలో స్ప్రింగ్ ఉంటుంది, చెప్పుకోదగ్గ డ్యాంపర్ ఉండదు. రాళ్ల దారిలో స్పీడ్‌గా దిగుతుంటే ముందు చక్రం నేలని వదిలి ఎగురుతుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ పనిచేయదు, హ్యాండిలూ పనిచేయదు.

షాపులోనే చెక్ చేయొచ్చు. ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌బార్‌ని గట్టిగా నొక్కి వదలండి. టక్‌మని ఎగిరి లేస్తే డ్యాంపింగ్ లేనట్టే. రీబౌండ్ నాబ్ ఉంటే ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి మళ్లీ నొక్కండి, తేడా కంటికి కనిపించాలి. లాకౌట్ ఉంది కదా అని సేల్స్‌మన్ చెప్తే అది వేరే ఫీచర్. ఫోర్క్‌ని కదలకుండా బిగించడానికే.

తర్వాత కాయిలా, ఎయిరా? కాయిల్ స్ప్రింగ్ ఒక బరువుకి సెట్ అయి వస్తుంది. 55 కేజీల వాళ్లకి బిగుసుకుపోతుంది, 95 కేజీల వాళ్లకి అడుగంటుతుంది. పైన ఉండే ప్రీలోడ్ నాబ్ స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి పెడుతుందంతే, దాని గట్టిదనం మార్చదు. ఎయిర్ ఫోర్క్‌లో మీ బరువుకి తగ్గట్టు గాలి కొట్టుకోవచ్చు. దానికి షాక్ పంప్ కావాలి, మామూలు పంపు కుదరదు. సైకిల్ ఎక్కి నిలబడితే 100 ఎంఎంలో సుమారు 20 ఎంఎం దిగేలా పెట్టుకోండి. పేరు చూసి మోసపోవద్దు: సన్‌టూర్ ఎక్స్‌సీఆర్ కాయిల్‌లోనూ వస్తుంది, ఎయిర్‌లోనూ వస్తుంది. ఒకే పేరుతో రెండు ప్రాసెసర్లున్న ఫోన్ల టైపు.

డబ్బు కట్టేముందు కంపాటిబిలిటీ. పాత ఫ్రేముల్లో స్టీరర్ ట్యూబ్ పైనుంచి కిందదాకా ఒకే సైజు, 28.6 ఎంఎం. మంచి ఫోర్క్‌లు ఎక్కువగా టేపర్డ్, అంటే కింద లావుగా ఉంటాయి. అవి ఆ సన్న ఫ్రేముల్లో పట్టవు. యాక్సిల్ కూడా అంతే. మీ చక్రం 9 ఎంఎం క్విక్ రిలీజ్‌ది, ఫోర్క్ 15 ఎంఎం బూస్ట్ అయితే కొత్త ముందు చక్రం ఖర్చు కూడా లెక్కేసుకోండి.

100 ఎంఎం ఫ్రేముకి 120 వేస్తే హెడ్ యాంగిల్ సుమారు ఒక డిగ్రీ వాలుతుంది. దిగుడులో బాగుంటుంది, ఎక్కుడులో ముందు చక్రం తేలుతుంది. ఇక హార్డ్‌టెయిల్‌లో వెనక సస్పెన్షన్ లేదు కాబట్టి ఫోర్క్ దిగినప్పుడల్లా సైకిల్ ముందుకి వాలి యాంగిల్ మారుతూనే ఉంటుంది. ట్రావెల్ పెరిగేకొద్దీ ఈ ఊగిసలాట ఎక్కువ. ఫ్రేమ్ కంపెనీ చెప్పిన లిమిట్ దాటితే హెడ్ ట్యూబ్ మీద లోడ్ పెరుగుతుంది, వారంటీ కూడా పోవచ్చు.

డ్యాంపర్ ఉన్న ఎయిర్ ఫోర్క్‌కి బడ్జెట్ లేదా? అలాంటప్పుడు ఇంకో చవక కాయిల్ కొనకండి. అవి రెండున్నర కిలోలు దాటడం మామూలే. అందులో సగం బరువుండే రిజిడ్ ఫోర్క్ వేసి, ఫ్రేమ్ పట్టినంత లావు టైర్ ఎక్కించి, గాలి కాస్త తగ్గించి తొక్కండి. సర్వీస్ గొడవ కూడా ఉండదు. రాక్‌షాక్స్ అయితే ప్రతి 50 గంటల రైడింగ్‌కి కింది కాళ్లు విప్పి ఆయిల్ మార్చమంటుంది.