మాంసకృత్తుకు జెండా కట్టి ఏరుతున్నారు

మందలన్నీ ఒక్కచోట కలిసినా, వీపు మీద రంగును బట్టి ఎవరి గొర్రెను వారు పట్టుకుంటారు. మాంసకృత్తులను, అంటే ప్రొటీన్లను ఏరడానికి శాస్త్రజ్ఞులూ ఇదే ఉపాయం పన్నారు.

ఒక్క జీవకణంలో వేల రకాల ప్రొటీన్లుంటాయి. కావలసింది ఒక్కటే. తక్కినవి కలిస్తే పరీక్ష ఫలితం తప్పుతుంది. మందుగా వాడదలిస్తే రోగికే ముప్పు. 1988లో అమెరికాలోని ఇమ్యునెక్స్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనికొక మార్గం ప్రకటించారు. జన్యువులో మార్పు చేసి, ప్రొటీను కొసకు ఎనిమిది అమైనో ఆమ్లాల తోక తగిలించారు. దాని పేరు 'ఫ్లాగ్', అంటే జెండా.

రోగక్రిములను పట్టుకోవడానికి ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. ఈ జెండాను పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసి, సన్నని జెల్ పూసలకు అంటిస్తారు. పూసలు చేసేది సముద్రపు ఎర్రనాచు నుంచి తీసిన అగరోజ్‌తో. పూసలు నింపిన గొట్టంలో కణాల రసం పోస్తే జెండా ఉన్న ప్రొటీను చిక్కుతుంది. తక్కినవి ఉప్పు ద్రావణంతో కడిగితే పోతాయి.

విడిపించడంలోనే మెలకువ ఉంది. ఆమ్లం పోస్తే ప్రొటీను ఊడివస్తుంది. కాని ఎక్కువసేపు ఉంచితే యాంటీబాడీలు చెడి, ఖరీదైన జెల్ పాడవుతుంది. అందుకే కొందరు విడి జెండా ముక్కలు కలుపుతారు. అవి యాంటీబాడీలకు అంటుకోగానే ప్రొటీను వదులుతుంది. శుభ్రంగా కడిగి దాచుకుంటే జెల్‌ను మళ్లీ వాడవచ్చు.

పని అయ్యాక జెండాను కోసేయనూ వచ్చు. ఆ కత్తెర మన చిన్నపేగులో ఉండే ఎంటెరోకైనేజ్ అనే ఎంజైమే.