చిగుళ్ల వ్యాధి: గ్రంథమున చెప్పిన చికిత్స, పల్లెలో సాధ్యమగు చికిత్స

తెల్లవారి పళ్లు తోముకొనునప్పుడు ఉమ్మిలో నెత్తురు కనబడినచో చాలమంది ఆ ప్రక్క తోముట మానుదురు. చేయవలసినది సరిగా దీనికి ఎదురు. ఆ నెత్తురు, పంటి మొదట పేరుకొన్న పాచి వలన చిగురు వాచినదనుటకు గుర్తు. 1965లో డెన్మార్కు దేశమున హారల్డ్ లో అను ఆచార్యుడు సహచరులతో కూడి, ఆరోగ్యముగానున్న కొందరిచే పళ్లు తోముట మాన్పించి చూచెను. మూడు వారములలో అందరి చిగుళ్లును వాచెను. మరల తోమనారంభింపగా వారము పది దినములలో నయమయ్యెను. వాపు లోనికి దిగి పంటిని పట్టియుంచు ఎముకను తినుట మొదలిడినచో మాత్రము, పోయిన ఎముక దానంతట అది తిరిగి రాదు.

యూరపు ఖండపు చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2020లో వెలువరించిన మార్గసూత్రములు చికిత్సను మెట్లుగా చెప్పినవి. మొదటిది శుభ్రత, పొగాకు మానుట, మధుమేహమును అదుపున నుంచుట. పిదప చిగురు క్రింది గారను గీకుట. అప్పటికిని మానని చోట శస్త్రచికిత్స. ఆపైన మూడు మొదలు పండ్రెండు మాసముల కొకసారి పరీక్ష.

ఇందు తప్పుపట్టవలసిన దేమియు లేదు. కాని ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను నమ్ముకొని వేరుసెనగ వేయు కళ్యాణదుర్గము, రాయదుర్గము పల్లెలవారికి దంతవైద్యుడు పట్టణమున నున్నాడు. పోయిన ప్రతిసారి బస్సు ఛార్జీతో పాటు ఆనాటి కూలియు పోవును.

ఆ కుర్చీ మొదట ఎవరికి? 1970 మొదలు 1985 వరకు శ్రీలంక తేయాకు తోటలలో, దంతవైద్యమే ఎరుగని 480 మంది మగ కూలీలను పరిశీలించిరి. నూటికి 8 మందిలో వ్యాధి వేగముగా ముదిరెను; 81 మందిలో మెల్లగా సాగెను; 11 మందిలో చిగురు దాటలేదు. కనుక మొదటి మెట్టు ఊరిలోనే అందరికి అందవలెననియు, కుర్చీ ముందుగా ఆ వేగముగా ముదురువారికి దక్కవలెననియు మా అభిప్రాయము. చిన్న వయసుననే పళ్లు కదలుట, చిగురు దిగి పళ్లు పొడవుగా కనబడుట, చీము కారుట వారి గుర్తులు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త వీనిని పోల్చగలదు. మధుమేహము గలవారును జాగు చేయరాదు.

మొదటి మెట్టునకు చెంబెడు నీళ్లు చాలును. బ్రష్షు లేనిచో వేపపుల్ల కొనను మెత్తగా నమిలి చిగురు అంచున మెల్లగా తోమవచ్చును. మన జిల్లాలో ఇంకొక చిక్కు గలదు. బోరునీటి ఫ్లోరైడు వలన పళ్లపై ఏర్పడు గోధుమరంగు మచ్చలను మురికి యనుకొని, ఇటుకపొడితోను బొగ్గుతోను రుద్దుదురు. ఆ మచ్చ పంటిలోనిది. రుద్దిన పోదు, చిగురు మాత్రము ఒరసిపోవును.

పట్టణమునకు పోవువారికి ఒక మాట. నోటిని భాగములుగా పలుమార్లు గాని, ఒక్క దినముననే మొత్తముగా గాని శుభ్రపరచవచ్చునని ఆ 2020 సూత్రములే అనుమతించుచున్నవి. గుండెజబ్బు వంటివి లేనివారు, “అయ్యా, ఒక్కరోజులో కానిండు” అని వైద్యుని అడుగవచ్చును.